పైకి చదివిన లెక్క

శ్రోతలకు నమస్కారం. ప్రజాస్వామ్యం అనగానే మనకు ఎన్నికలు, చట్టసభలు, పార్టీలు గుర్తుకొస్తాయి. ఈ రోజు నేను వాటికంటే చాలా చిన్నదిగా కనిపించే ఒక పని గురించి చెప్పదలచుకున్నాను. ప్రభుత్వ కార్యాలయంలో ఉన్న లెక్కల కాగితాన్ని ఊళ్ళోకి తెచ్చి, అందులో పేర్లున్న మనుషులను కూర్చోబెట్టి, అందరికీ వినబడేలా చదవడమే ఆ పని. పల్లెలో కూలికీ అధికారికీ మధ్య ఉన్న దూరాన్ని ఇంతగా తగ్గించిన పని గత ముప్పై ఏళ్ళలో మరొకటి లేదని నా నమ్మకం.

రాజస్థాన్‌లోని పాలీ జిల్లాలో కోట్ కిరానా అనే పల్లె ఉంది. ఆ ప్రాంతంలో ప్రభుత్వం నడిపే పనుల్లో మట్టి తవ్విన వారికి, రాళ్ళు మోసిన వారికి చట్టం చెప్పిన కనీస వేతనం పూర్తిగా అందేది కాదు. ఎందుకు తగ్గిందని అడిగితే, మీరు చేసిన పని అంతే, పుస్తకంలో అంతే రాసి ఉంది అనేవారు. ఆ పుస్తకం చూపించమంటే, అది ప్రభుత్వ రికార్డు, మీకు చూపించేది కాదు అనేవారు. ఎండలో ఒళ్ళు వంచి చేసిన మనిషికి, తాను ఎంత పని చేసినట్టు రాశారో తెలుసుకునే హక్కు లేదు. 1990లో ఆ చుట్టుపక్కల పల్లెల కూలీలు, చిన్న రైతులు కలిసి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంఘం పెట్టుకున్నారు. ఐ.ఏ.ఎస్. ఉద్యోగం వదిలి వచ్చిన అరుణా రాయ్, ఆమెతోపాటు నిఖిల్ డే, శంకర్ సింగ్ వారితో కలిసి పనిచేశారు. రికార్డు చూడకుండా వేతనం కోసం ఎంత పోరాడినా ఫలితం ఉండదని వారికి అనుభవం మీద అర్థమైంది.

1994 డిసెంబరు 2న కోట్ కిరానాలో ఆ సంఘం ఒక బహిరంగ సభ పెట్టింది. దానికి జన్ సున్‌వాయీ అని పేరు, అంటే ప్రజల విచారణ. ఎలాగో సంపాదించిన మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, బిల్లులు తెచ్చి సభలో చదవడం మొదలుపెట్టారు. ఫలానా పనిలో ఫలానా వ్యక్తి ఇన్ని రోజులు పనిచేసినట్టు, ఇంత కూలి తీసుకున్నట్టు ఇక్కడ రాసి ఉంది, నిజమేనా అని అడిగారు. నేను ఆ పనికి వెళ్ళనేలేదని ఒకరు లేచారు. తరువాత మరొకరు లేచారు. అంతవరకు ఎవరికి వారు తమకొక్కరికే అన్యాయం జరిగిందనుకున్న వారు, అది ఊరందరికీ జరిగిందని ఆ పూట విన్నారు. ఇక ఆ ఊళ్ళోనే, భూముల లెక్కలు రాసే పట్వారీ కోసం కడుతున్న భవనం వంతు వచ్చింది. రికార్డు ప్రకారం అది పూర్తయింది. భవనానికి కప్పు లేదు, తలుపులు లేవు, కిటికీలు లేవు. ఆ మాట చదివి వినిపించడానికి ఏ ఆడిటరూ అక్కర్లేకపోయింది. ఊళ్ళో ప్రతి ఒక్కరికీ ఆ గోడలు తెలుసు. కాగితం మీద పూర్తయిన భవనాన్ని ఊరి మనుషులు పూర్తి కాలేదని చెప్పగలిగారు. నాకు ఈ ఘట్టం ఎంత ఇష్టమంటే, చదువు రానివారికి పాలన ఏమి అర్థమవుతుందని ఎవరైనా అన్నప్పుడల్లా నేను దీన్నే చెబుతాను.

అక్కడి నుంచి కథ వేగంగా నడిచింది. 1996లో రాజస్థాన్‌లోనే బ్యావర్ పట్టణంలో, రికార్డులు చూసే హక్కు కోసం 40 రోజుల ధర్నా జరిగింది. మా డబ్బు, మా లెక్క అన్నది ఆ ఉద్యమ నినాదం. ఆ సంఘంలోని ఒక గ్రామీణ మహిళ, పది రూపాయలిచ్చి కొడుకును బజారుకు పంపితే తిరిగి వచ్చాక లెక్క అడుగుతాను కదా, నా పేరు చెప్పి ప్రభుత్వం కోట్లు ఖర్చు చేస్తుంటే లెక్క అడగవద్దా అన్నది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. అదే ఏడాది ఉపాధి హామీ చట్టం కూడా వచ్చింది, అందులోని 17వ సెక్షన్ పనుల సామాజిక తనిఖీని, అంటే ప్రజలే లెక్కలు సరిచూడడాన్ని, గ్రామసభకు అప్పగించింది.

ఆ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. సామాజిక తనిఖీని రాష్ట్రమంతటా ఒక పద్ధతిగా నిలబెట్టింది కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశే. కూలి కుటుంబాలలో చదువుకున్న యువతీయువకులను ఎంచుకుని, శిక్షణ ఇచ్చి, మస్టర్లు చేతికిచ్చి ఇంటింటికీ పంపారు. వారు జాబ్ కార్డు చూశారు, ఎన్ని రోజులు పనిచేశారో, ఎంత అందిందో అడిగారు, టేపు పట్టి పని కొలిచారు. ఆ తరువాత ఊళ్ళో గ్రామసభ, మండల కేంద్రంలో ప్రజావేదిక. తన కూతురి వయసున్న కూలివారి అమ్మాయి మైకులో పేర్లు చదువుతుంటే, ఊళ్ళో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు, మండల అభివృద్ధి అధికారి అయిన ఎం.పి.డి.ఓ. లేచి సమాధానం చెప్పవలసి రావడం మన పల్లెల్లో అంతకుముందు ఎవరూ చూడని దృశ్యం.

ఈ తనిఖీల్లో పక్కదారి పట్టినట్టు తేలిన సొమ్మంతా తిరిగి రాలేదు. రికవరీ అయినది కొంతే, పెద్దవారి మీద చర్యలు ఇంకా తక్కువ. ఇది నిజంగా బాధ కలిగించే విషయం. అయినా నా దృష్టిలో అంతకన్నా ముందు సరిదిద్దుకోవలసినది మరొకటి ఉంది. లెక్క చదివే సభ ఎక్కడ, ఏ వేళకు పెడుతున్నాం అన్నదే అది. పగలు పదకొండింటికి, ఊరి పెద్దల అరుగుల మధ్య, సభ పెడితే, కూలికి వెళ్ళిన ఆడవారు రాలేరు, వచ్చిన వారు నోరు విప్పలేరు. రేపు మళ్ళీ పని ఇవ్వవలసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా, మస్టరులో నా పేరు తప్పు అని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. కాబట్టి సభ సాయంత్రం పెట్టాలి, పనికి వెళ్ళిన వారు ఉండే వాడలో పెట్టాలి. సాయంత్రం, వాడలో. దీనికి కొత్త చట్టం అవసరం లేదు, పంచాయతీ తలచుకుంటే చాలు.

తనిఖీ బృందం ఎప్పుడు వస్తుందా అని ఎదురు చూడనవసరం కూడా లేదు. ఉమ్మడి రాష్ట్రం 2005లో చేసిన నియమాల ప్రకారం, సమాచార హక్కు కింద గ్రామ స్థాయి కార్యాలయంలో పెట్టే దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. దరఖాస్తులో మా ఊరి వివరాలన్నీ ఇవ్వండి అని రాయకండి. ఏ పని, ఏ నెల అన్నది స్పష్టంగా చెప్పి, ఆ పని మస్టర్ల నకళ్ళు, కొలతల పుస్తకం నకలు కావాలని రాయండి. తేదీ వేసిన రసీదు తీసుకోండి. నకళ్ళు వచ్చాక ఒక్కరే దాచుకోకుండా, ఆ పని చేసిన వారంతా కూడే చోట, ఒక్కొక్క పేరూ, ఆ పేరుకు ఎదురుగా ఉన్న రోజులూ, రూపాయలూ గట్టిగా చదవండి.

సెలవు, నమస్కారం.