నూనె ముందు, రంగు చివర: ఇంట్లోనే పాత బుల్లెట్ మరమ్మతు

నమస్కారం. తెర మీద మీకు కనిపిస్తున్న బండి 1973 నాటి బుల్లెట్ 350. ఇది మా పెదనాన్నగారిది. తెనాలి దగ్గర మా ఊళ్లో, రేకుల కొట్టంలో, ఎరువుల బస్తాల వెనుక పదకొండేళ్లు కదలకుండా ఉండిపోయింది. దీన్ని హైదరాబాద్‌లో మా ఇంటికి తెచ్చి పద్నాలుగు నెలలయింది. ఈ పద్నాలుగు నెలల్లో బండిని చూడవచ్చిన ప్రతివారూ మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే: రంగు ఎక్కడ వేయిస్తున్నావని. పెదనాన్నగారు మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా వేరే ప్రశ్న అడిగేవారు: "ఒరేయ్ అబ్బాయ్, నూనె చూశావట్రా?" పాత బండిని ఇంట్లో బాగుచేసుకోవాలనుకునేవారికి ఆయన ప్రశ్నే సరైన దారి చూపిస్తుందని నా నమ్మకం. నేను చేసిన పనినంతా అదే వరుసలో మీకు చూపిస్తాను.

ముందుగా, ఈ పనికి బుల్లెట్ ఎందుకు అనువైనదో చెప్పాలి. 1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండ్‌లోని రెడిచ్‌కు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పాయి. తొలి రోజుల్లో విడిభాగాలను ఓడల్లో తెప్పించుకుని ఇక్కడ బిగించేవారు. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే మద్రాసు శివారు తిరువొత్తియూరులో బండి మొత్తం తయారుకావడం మొదలయింది. రెడిచ్ కర్మాగారం 1960ల్లోనే మూతపడినా, ఆ ఇనుప సిలిండరు ఇంజను మన దగ్గర 2010 ప్రాంతం దాకా పెద్దగా మారకుండా బతికింది. 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వ్యాసం), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 346 సీసీ అన్న లెక్క అన్ని దశాబ్దాలూ అలాగే నిలిచింది. అందువల్ల యాభై ఏళ్ల బండికి కావలసిన వస్తువు ఈనాటికీ విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, చెన్నై పుదుపేటలోనో దొరుకుతుంది. దొరికినదల్లా మంచిదని కాదు. కొన్నిసార్లు కొత్త నకలు కంటే అరిగిన అసలు భాగమే మేలు. తీసిన పాత భాగాన్ని, అది ఎంత పాడైనా సరే, బండి పని పూర్తయ్యేదాకా పారవేయకండి.

పానా పట్టుకునే ముందు కాగితాలు చూసుకోవాలి. ఇంజను నంబరు క్రాంక్‌కేస్ (ఇంజను అడుగు భాగపు పెట్టె) మీద, ఛాసిస్ నంబరు ఫ్రేము మీద కొట్టి ఉంటాయి. ఆ రెండూ ఆర్‌సీలో ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. కిరోసిన్ గుడ్డతో తుడిచి, సన్నని కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చును దాచుకోండి. నేను ఇంతకు ముందు బాగుచేయించిన ఒక బండి విషయంలో ఈ జాగ్రత్త తీసుకోలేదు. ఇంజను మెరవాలని ఒక షాపుకు బఫింగ్‌కు ఇస్తే, వాళ్లు క్రాంక్‌కేస్‌తో పాటు నంబరులోని రెండు అంకెలనూ అరగదీసి ఇచ్చారు. ఆ రెండు అంకెల కోసం నేను రవాణా శాఖ కార్యాలయం చుట్టూ ఏడాది తిరిగాను. ఆ బాధ మరొకరికి రాకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను: నంబరు ఉన్న చోటికి బఫింగ్ చక్రాన్ని గానీ, ఇసుక బ్లాస్టింగ్‌ను గానీ రానివ్వకండి.

కాగితాల విషయంలో ఇంకొక మాట ఉంది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునే వీలును కేంద్ర ప్రభుత్వం 2021లో కల్పించింది. రాష్ట్రం కోడు తరువాత వీఏ అనే అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు చేసిన బండికి ఇది వర్తించదు. అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు తీసుకువెళ్లవచ్చు గానీ రోజువారీ పనులకు నడపకూడదు. మా బండికి ఆ అర్హత ఉన్నా, ఆదివారం పూట ఊరి బయట నడపాలన్నది నా కోరిక కాబట్టి, పాత నంబరుతోనే మామూలు పద్ధతిలో ఆర్‌సీ పునరుద్ధరించుకున్నాను.

ఇక ఇంజను. ఏళ్ల తరబడి నిలిచిన బండిని చూడగానే కిక్ కొట్టాలనిపిస్తుంది. దయచేసి కొట్టకండి. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు సిలిండరు గోడకు పట్టేసి ఉంటే ఆ ఒక్క కిక్కుతో రింగు విరగవచ్చు, గోడ గీసుకుపోవచ్చు. నేను స్పార్క్ ప్లగ్గు తీసి, డీజిలు, ఇంజను నూనె సమంగా కలిపి ఒక చిన్న గ్లాసుడు ఆ రంధ్రంలో పోసి, నాలుగు రోజులు వదిలేశాను. ఐదో రోజు బండిని స్టాండు మీద ఉంచి, టాప్ గేరులో వేసి, వెనుక చక్రాన్ని రెండు చేతులతో మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపాను. మొదట చక్రం కదలలేదు. కొంతసేపటికి ఎక్కడో లోపల చిన్న చప్పుడయింది. ఆ తరువాత పిస్టన్ వేలెడంత కదిలింది. ఈ పనిలో బలం కంటే ఓపికే ఎక్కువ పనికివస్తుంది. అలాగే, ఆ కాలపు బుల్లెట్లలో చాలా నట్లు ఇంగ్లీషు కొలతలవి. వాటికి మిల్లీమీటర్ల పానాలు వేసి తిప్పితే నట్టు మూలలు అరిగిపోతాయి. ఆ కొలతల పానాల సెట్టు ఒకటి కొనుక్కున్న తరువాతే పని మొదలుపెట్టండి.

పెదనాన్నగారి ప్రశ్నకు వద్దాం. బుల్లెట్‌లో నూనె ట్యాంకు విడిగా ఉండదు. క్రాంక్‌కేస్‌లోనే వెనుక భాగంలో ఒక అర ఉంటుంది. ఒక పంపు అక్కడి నుంచి నూనెను ఫిల్టరు గుండా బిగ్ ఎండ్‌కు, అంటే పిస్టన్ కడ్డీ (కనెక్టింగ్ రాడ్) క్రాంకు ఇరుసును పట్టుకునే చోటికి, పంపుతుంది. అడుగున చేరిన నూనెను రెండో పంపు లాగి, కొంత పైన వాల్వులను నొక్కే రాకర్లకు ఇచ్చి, మిగిలినది మళ్లీ అరలోకి చేరుస్తుంది. బండి నెలల తరబడి నిలిచి ఉంటే అరలోని నూనె మెల్లగా కిందికి జారి, క్రాంకు తిరిగే చోట నిండిపోతుంది. అలాంటి బండిని స్టార్టు చేస్తే తెల్లటి పొగ కమ్ముతుంది, ఇంజను లోపలి గాలి బయటికి పోయే బ్రీదరు గొట్టం నుంచి నూనె చిమ్ముతుంది. చూసినవారు రింగులు పోయాయని తీర్పు చెప్పేస్తారు. ఇంజను అడుగునున్న డ్రెయిన్ ప్లగ్గులు విప్పి నూనె మొత్తం దించి, కొత్తది సరైన మట్టానికి పోస్తే ఆ పొగ చాలావరకు పోతుంది. రింగుల మాట ఆ తరువాత ఆలోచించవచ్చు.

దించిన నూనెను నేరుగా డబ్బాలోకి కాకుండా తెల్లటి పళ్లెంలోకి పట్టాను. ఇదిగో, తెర మీద దగ్గరగా చూపిస్తున్నాను. అయస్కాంతాన్ని పలుచని ప్లాస్టిక్ సంచిలో చుట్టి నూనెలో తిప్పితే, దానికి అంటుకున్నది ఉక్కు పొడి. అంటుకోకుండా తెల్లగా మెరిసేది అల్యూమినియం లేదా బేరింగు పూత. పసుపు రంగులో మెరిసేది బుష్‌ల నుంచి రాలినది. మా పళ్లెంలో సన్నని ఉక్కు పొడి ఉంది గానీ రేకుల్లాంటి ముక్కలు లేవు. అందుకే హెడ్డు, సిలిండరు మాత్రమే దించాను. కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకుని పైకీ కిందికీ లాగి చూస్తే వదులు తెలియలేదు. పక్కలకు కొద్దిగా ఊగడం సహజమే. సిలిండరు లోపలి గోడను సన్నగా రాపించి (హోనింగ్ చేయించి), కొత్త రింగులు వేసి, క్రాంక్‌కేస్‌ను విప్పకుండా వదిలేశాను. పని మొదలుపెట్టాం కదా అని అన్నీ విప్పేసే అలవాటు చాలా ఇంజన్లను పాడుచేసింది.

నూనె గురించి ఆఖరి జాగ్రత్త ఇది. ఫెల్ట్ ఫిల్టరు మార్చినప్పుడు అది కూర్చునే గూడు ఖాళీ అవుతుంది. అలాగే మూత బిగించి స్టార్టు చేస్తే, ఆ గూడు నిండేదాకా బిగ్ ఎండ్‌కు నూనె అందదు. గూడును నూనెతో నింపి మూత పెట్టాలి. ఇంజను అందుకున్న తరువాత హెడ్డు దగ్గర రాకర్లకు వెళ్లే నూనె గొట్టం బోల్టును అర చుట్టు వదులు చేసి చూడండి. అక్కడ నూనె ఊరుతూ కనిపిస్తేనే ఇంజనును నడవనివ్వండి. కనిపించకపోతే వెంటనే ఆపేయండి.

తరువాతిది ఇగ్నిషన్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటు. విద్యుత్తును కలిపి తెంచే పాయింట్ల మధ్య ఎడం 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల దాకా ఉండాలి. ముందు పాయింట్లను సన్నని ఎమరీ కాగితంతో శుభ్రం చేసి, పెట్రోలులో తడిపిన గుడ్డతో తుడిచి, ఫీలర్ గేజితో (సందు కొలిచే పలుచని రేకుతో) ఆ ఎడం సరిచేశాను. టైమింగ్‌కు, అంటే నిప్పురవ్వ పడే క్షణాన్ని సరిచేయడానికి, పెద్ద పరికరాలేమీ అక్కరలేదు: సైకిల్ చువ్వ ఒకటి, సిగరెట్టు పెట్టెలోని పలుచని కాగితం ఒకటి చాలు. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకులో (పెట్రోలు, గాలి మిశ్రమాన్ని నొక్కే కదలికలో) పై కొసకు తేవాలి. వాల్వులు రెండూ మూసుకుని ఉన్నప్పుడు వాటిని కదిలించే పుష్ రాడ్లు రెండూ వేళ్లకు తిరుగుతాయి, అదే గుర్తు. ప్లగ్గు రంధ్రంలో చువ్వ నిలిపి, వెనుక చక్రాన్ని వెనక్కి తిప్పుతూ పిస్టన్‌ను నాలుగైదు మిల్లీమీటర్లు దించి, మళ్లీ ముందుకు తెస్తూ పై కొసకు 0.8 మిల్లీమీటర్ల కింద ఆపాలి. వెనక్కి వెళ్లి ముందుకు రావడం పళ్ల చక్రాల మధ్య ఉన్న వదులును తీసేయడానికి. ఇప్పుడు పాయింట్ల మధ్య కాగితం పెట్టి, పాయింట్లు ఉన్న యూనిట్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ కాగితాన్ని మెల్లగా లాగుతూ ఉండండి. పట్టుకుని ఉన్న కాగితం ఏ చోట జారుతుందో, పాయింట్లు విడివడేది అక్కడే. అక్కడ బిగించాలి. నాకు ఇది కుదరడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. బిగించేటప్పుడు యూనిట్ కాస్త కదిలిపోతూ ఉండటమే కారణం.

పుష్ రాడ్లను కింది నుంచి నెట్టే టాపెట్ల పని ఇంతకంటే తేలిక. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, సిలిండరు అడుగున ఉన్న చిన్న మూత తీసి, పుష్ రాడ్ వేళ్లతో తేలికగా తిరిగేటట్లు, అయితే పైకీ కిందికీ ఏమాత్రం ఆడనట్లు సరిచేసి లాక్ నట్టు బిగిస్తే సరిపోతుంది.

కిక్ కొట్టే పద్ధతిని ఈ తరం వారికి ప్రత్యేకంగా చెప్పాలి. ముందు క్లచ్చు పట్టుకుని రెండుసార్లు కిక్ తొక్కండి. అంటుకుపోయిన క్లచ్ ప్లేట్లు విడిపోతాయి. తాళంచెవి తిప్పి ఇగ్నిషన్ ఆన్ చేసి, కిక్‌ను మెల్లగా నొక్కుతూ హెడ్‌లైటు గూటిలోని ఆంపియర్ మీటరును చూడండి. మైనస్ వైపు వాలిన ముల్లు మధ్యకు రాగానే ఆగి, డీకంప్రెషర్ (సిలిండరులోని ఒత్తిడిని వదిలేసే మీట) పట్టుకుని కిక్‌ను కొద్దిగా దించి, డీకంప్రెషర్ వదిలి, కిక్‌ను పైకి రానిచ్చి, అప్పుడు పూర్తిగా కొట్టాలి. టైమింగ్ ముందుకు జరిగిన బండిలో ఇవేమీ చూసుకోకుండా కొడితే కిక్ ఎదురు తన్ని చీలమండ విరుగుతుంది. ఇక నడిపేటప్పుడు, గేరు కుడికాలి కింద, వెనుక బ్రేకు ఎడమకాలి కింద ఉంటాయని, మొదటి గేరు పైకి, మిగిలిన మూడూ కిందికి పడతాయని మరచిపోకండి.

పెట్రోలు ట్యాంకు లోపల తుప్పు పొరలు పొరలుగా ఉంది. లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపి ట్యాంకు నిండా పోసి ఒక రాత్రంతా ఉంచి, మరునాడు వంట సోడా నీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, లోపల కొంచెం నూనె తిప్పాను. ఇప్పుడు మన బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరును ఉబ్బిస్తుంది. అందుకని పెట్రోలు గొట్టాన్ని, ట్యాంకు కుళాయి వాషర్లను, కార్బ్యురేటరు రబ్బర్లను ఇథనాల్‌కు తట్టుకునే రకానికి మార్చాను. బండి పది రోజులకు మించి నిలిచే పరిస్థితి ఉంటే కుళాయి కట్టేసి, కార్బ్యురేటరు గిన్నెలోని పెట్రోలును ఖాళీ చేస్తున్నాను.

అందరూ మొదట అడిగిన రంగు సంగతి ఇక్కడికి వచ్చింది. తిరువొత్తియూరులో ట్యాంకు మీది బంగారు గీతలను కుంచెతో చేత్తో గీసేవారు. మా ట్యాంకు మీద ఆ గీత సగం వెలిసింది. పెదనాన్నగారి మోకాలు ఆనుకునే చోట పూర్తిగా పోయింది. దగ్గరగా చూడండి, మలుపు దగ్గర గీత కాస్త లావై మళ్లీ సన్నబడుతుంది. కుంచె పట్టిన చేయి అక్కడ తిరిగింది. దాన్ని గీకి కొత్త రంగు వేయించడానికి నాకు మనసొప్పలేదు. మెత్తటి గుడ్డతో, పలుచటి సబ్బు నీళ్లతో తుడిచి, మైనం పూసి ఊరుకున్నాను. తుప్పు తినేసిన మడ్‌గార్డుల లోపలి వైపు మాత్రం రెడ్ ఆక్సైడ్ పట్టించి నలుపు వేయించాను.

కొత్త రింగులు వేసిన ఇంజనుకు 500 కిలోమీటర్లు నిండగానే నూనె, ఫిల్టరు మార్చి, హెడ్డు నట్లు బిగించి, టాపెట్లు, పాయింట్ల ఎడం మళ్లీ చూడాలి. నిన్నటికి మా బండి 412 తిరిగింది. మిగిలిన 88 కిలోమీటర్లు పెదనాన్నగారిని వెనుక కూర్చోబెట్టుకుని, తెనాలి నుంచి వేమూరు మీదుగా పొలాల దారిలో పూర్తి చేస్తాను. దించిన నూనెను మళ్లీ ఆ తెల్లటి పళ్లెంలోనే పట్టి, అయస్కాంతానికి ఏమి అంటుకుందో వచ్చే వీడియోలో చూపిస్తాను.