సౌండ్ వస్తోంది, బొమ్మ రావట్లేదు: ఎల్‌ఈడీ టీవీలో వేడి వెళ్లే దారి

అందరికీ నమస్కారం. టీవీ మెకానిక్‌లకు ఈ ఫిర్యాదు కంఠతా వచ్చు: "సౌండ్ వస్తోంది, బొమ్మ రావట్లేదు." చీకట్లో స్క్రీన్ మీదికి టార్చి ఏటవాలుగా కొడితే బొమ్మ లీలగా కనిపిస్తుంది. అంటే పానెల్ బాగుంది, వెనకాల బ్యాక్‌లైట్ పోయింది. ఎల్‌ఈడీలు వరసగా ఉండే పట్టీలు, అంటే స్ట్రిప్‌లు, మార్చి పంపిస్తాం. కొన్నాళ్లకు అదే సెట్ మళ్లీ బల్ల మీదికొస్తుంది. స్ట్రిప్ నాసిరకం అనుకుంటాం. అదీ నిజం కావచ్చు, కానీ వేడి బయటికి పోయే దారి తెగిపోయినా ఇలాగే అవుతుంది. ఇవాళ ఆ దారి గురించే మాట్లాడతాను.

ముందు చిన్న లెక్క. 3 వోల్టుల ఎల్‌ఈడీలు పది సిరీస్‌లో ఉన్నాయి, కరెంటు 300 మిల్లీ ఆంపియర్లు అనుకోండి. 30 వోల్టులు, 9 వాట్లు. అందులో సగానికి పైగా ఎల్‌ఈడీ దగ్గరే వేడిగా మారుతుంది. వెలుగుగా మారినదాంట్లోనూ పానెల్‌లోని పోలరైజర్లు, కలర్ ఫిల్టర్ల పొరలు దాటి మన కంటిదాకా వచ్చేది పదో వంతు కూడా ఉండదు. బ్యాక్‌లైట్ తాగే కరెంటు దాదాపు అంతా సెట్ లోపల వేడే.

ఎల్‌ఈడీకి ఆ వేడిని వదిలించుకునే పెద్ద దారి ఒకటే. అడుగు నుంచి స్ట్రిప్ అల్యూమినియానికి, అక్కణ్ణుంచి టేపు మీదుగా వెనక రేకుకి, రేకు నుంచి గాలికి. తెగేది ఎక్కువగా టేపు దగ్గరే. అద్దాలు అంటించే మందపాటి ఫోమ్ టేపు వేస్తే స్ట్రిప్ గట్టిగానే అంటుకుంటుంది. కానీ ఫోమ్ అంటే లోపలంతా గాలి బుడగలే, అందులోంచి వేడి పోదు. పాత జిగురు మీదే కొత్త టేపు వేసినా అంతే: మధ్యమధ్య ఖాళీలు మిగిలి, ఆ ఖాళీ మీదున్న ఎల్‌ఈడీ ముందు పోతుంది. పాత టేపు పూర్తిగా గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రేకు తుడిచి, వేడిని పోనిచ్చే పల్చటి థర్మల్ టేపు స్ట్రిప్ పొడవునా వేయండి. ఒక చివర నుంచి రెండో చివరకు వేలితో నొక్కుకుంటూ రండి. నొక్కేది ఎల్‌ఈడీల మీదుండే లెన్సుల మధ్య, లెన్సు మీద కాదు.

వేడి ఎక్కువైన సెట్ ముందే చెబుతుంది. స్క్రీన్ నీలంగా, ఊదాగా మారితే ఎల్‌ఈడీ నీలి వెలుగును తెల్లగా మార్చే ఫాస్ఫర్ పూత దెబ్బతింటోంది. తెల్లటి చుక్కలు కనిపిస్తే జిగురు ఎండి లెన్సులు రాలాయి. లెన్సును ఫెవిక్విక్ లాంటి దాంతో అంటించకండి, ఆ ఆవిరికి లెన్సు తెల్లబడుతుంది. ఎపాక్సీ చుక్క చాలు. ఒక్క ఎల్‌ఈడీ ఓపెన్ అయితే, అంటే లోపల తెగితే, ఆ వరస మొత్తం ఆరిపోతుంది. అదొక్కటే మార్చడం నాకు నచ్చదు. మిగతావీ అంతే వేడి తిన్నాయి, పైగా కొత్తది ఎక్కువ వెలిగి మచ్చలా కనిపిస్తుంది.

ఇక కరెంటు. మెనూలో బ్యాక్‌లైట్ 100 మీద ఉంటే 60కి దించండి. చాలా సెట్లలో బ్రైట్‌నెస్ అనేది నలుపును మాత్రమే మారుస్తుంది, ఎల్‌ఈడీ వేడి తగ్గదు. మెనూ చాలకపోతే ఎల్‌ఈడీలకు కరెంటిచ్చే డ్రైవర్ సర్క్యూట్ దగ్గర, ఆ కరెంటు ఎంతో నిర్ణయించే సెన్స్ రెసిస్టర్లు చూడండి. 3 ఓమ్‌లవి మూడు ప్యారలల్‌లో ఉంటే 1 ఓమ్. ఒకటి తీస్తే 1.5 ఓమ్‌లు. 300 మిల్లీ ఆంపియర్లు 200 అవుతాయి. కంటికి వెలుగు మూడో వంతు తగ్గినట్టు అనిపించదు, వేడి మాత్రం మూడో వంతు తగ్గుతుంది. ప్లగ్ తీసి, పెద్ద కెపాసిటర్ డిశ్చార్జ్ అయిందని మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

టీవీ ఎక్కడ పెట్టారో కూడా అడగండి. చాలా మాన్యువళ్లు గది వేడి 40 డిగ్రీల దాకానే ఒప్పుకుంటాయి. రెంటచింతల, రామగుండం ఎండల్లో రేకుల ఇంట్లో పడమటి గోడకు వేలాడే సెట్‌కు ఆ హద్దు మధ్యాహ్నానికే దాటుతుంది. నాలుగు పక్కలా చెక్క మూసిన గూడులో పెడితే మరీ కష్టం. పైనా పక్కలా 10 సెంటీమీటర్లు వదలమనండి.

పానెల్ పెట్టేముందు, స్ట్రిప్ మీద ఎల్‌ఈడీ సోల్డర్ పక్కన వేడి కొలిచే థర్మోకపుల్ ఒకటి, సరిగ్గా దాని వెనక రేకు మీద ఇంకోటి పెట్టి, రిఫ్లెక్టర్, డిఫ్యూజర్ షీట్లు వేసి అరగంట వెలిగించండి. ఆపేలోగా రెండూ చదవండి. స్ట్రిప్ 55 డిగ్రీలు, రేకు 50 ఉంటే దారి బాగుంది. స్ట్రిప్ 75, రేకు 45 ఉంటే ఆ టేపు మళ్లీ ఊడదీయాల్సిందే.