మెట్లు పీకేసిన గిటారు

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్నది బేస్ గిటారే, అంటే కింది స్థాయిలో పలికే గిటారు. ముందు వరుసలో కూర్చున్నవాళ్లకి ఏదో వెలితి కనబడుతూ ఉండాలి. మెడ మీద అడ్డంగా ఉండాల్సిన లోహపు కడ్డీలు, అంటే ఫ్రెట్లు, దీనికి లేవు. వీణవాళ్లు వాటినే మెట్లంటారు. వీణకి 24 మెట్లు, వీణలాంటిదే అయిన గోటువాద్యానికి ఒక్కటీ ఉండదు. ఇదీ ఆ రెండో జాతిదే. కాకపోతే వాళ్లు తీగ మీద కొయ్యముక్క జారుస్తారు, మాకు వేళ్లే దిక్కు.

ఈ వాద్యం కథలో ఒక తమాషా ఉంది. 1951లో ఫెండర్ కంపెనీ తన ఎలక్ట్రిక్ బేస్‌కి ‘ప్రెసిషన్’ అని పేరు పెట్టింది. నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్ మీద స్వరాన్ని వెతుక్కోవాలి. దీనికి ఫ్రెట్లున్నాయి కాబట్టి ఆ వెతుకులాట లేదు, కచ్చితంగా పలుకుతుంది అని దాని అర్థం. పదేళ్లకి, 1961లో, ఇంగ్లండులో బిల్ వైమన్ ఒక పాత బేస్ నుంచి ఫ్రెట్లన్నీ పీకేశాడు. కొత్తవి వేయిద్దామనే పీకాడు. ఈలోగా వాయించి చూస్తే ఆ నాదమే నచ్చి అలాగే ఉంచేశాడు. తర్వాత ఆయన రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బృందంలో చేరాడు. 1966లో ఆంపెగ్ కంపెనీ ఫ్రెట్లు లేని బేస్‌నే తయారుచేసి అమ్మింది.

అయినా దీని గొంతు ఇలా ఉంటుందని లోకానికి వినిపించింది అమెరికన్ బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్. ఫ్లోరిడాలో సముద్రం పక్కన పెరిగినవాడు. ఆయన వాయించింది ఫెండర్ వాళ్ల 1962 నాటి ‘జాజ్ బేస్’. ఫ్రెట్లు తీసిన గాడుల్ని చెక్కలప్పంతో పూడ్చి, పైన పడవలకి పూసే ఎపాక్సీ అనే గట్టి పూత పట్టించాడు. గరుకు చుట్టు ఉన్న రౌండ్‌వౌండ్ తీగలు మెత్తటి చెక్కని కోసేస్తాయి, అందుకని ఆ పూత. 1976లో ఆయన మొదటి ఆల్బమ్ వచ్చింది. 35 ఏళ్లకే, 1987లో పోయాడు.

నేనూ ఆయన్ని వినే కొన్నాను. ఇంట్లో మొదటి నెల స్వర్గం. ఫ్రెట్ లేనిచోట తీగ నేరుగా చెక్కని రాసుకుంటూ ‘మ్వా’ అని మూలుగుతుంది. మనిషి నోరు తెరిచి ‘ఆ’ అన్నట్టు ఉంటుంది. ఆ మోజులోనే స్టేజి ఎక్కాను. డ్రమ్స్ మోతలో నా స్వరం నాకే వినబడలేదు. రెండో పాటలో, పాడుతున్న అమ్మాయి వెనక్కి తిరిగి నావైపు చూసింది. ఆ చూపు ఇంకా మర్చిపోలేదు. బేస్ శ్రుతి తప్పితే బేస్ తప్పిందని ఎవరూ అనుకోరు, పాడేవాళ్లు తప్పారనుకుంటారు. అన్నిటికన్నా లావు తీగని వేలు నొక్కకుండా మీటితే సెకనుకి 41 కంపనాలు. అంత కింది స్థాయిలో తప్పు ఎక్కడుందో చెవికి తొందరగా తెలియదు, ఏదో బాగాలేదని మాత్రం తెలుస్తుంది.

వయొలిన్ వాయించే మిత్రులు, మాది ఇంకా కష్టం కదా అంటారు. నిజమే. వాళ్లకి మొదటి అరస్వరం (కీబోర్డు మీద ఒక మీట నుంచి పక్క మీటకి ఉన్నంత తేడా) 2 సెంటీమీటర్ల లోపే. నా తీగ 34 అంగుళాలు, మొదటి అరస్వరానికి దాదాపు 5 సెంటీమీటర్లు జరగాలి. పొరపాటుకి చోటుంది. కానీ చెయ్యి అంతదూరం పరిగెత్తి సరిగ్గా ఆగాలి. మామూలు బేస్ మీద వేలు ఫ్రెట్‌కి కాస్త వెనక పెడతాం. దీనిమీద సరిగ్గా గీత ఉండాల్సిన చోటే పెట్టాలి. ఏళ్ల అలవాటు మార్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో నేను ప్రతి స్వరాన్నీ జారుస్తూ, ఊపుతూ వాయించేవాణ్ని. వినేవాళ్లు గమకాలు బాగున్నాయనేవారు. అది గమకం కాదండీ, దొంగతనం. వేలు తప్పుచోట పడితే మెల్లగా సరైన చోటికి జార్చేసి, కావాలనే చేసినట్టు మొహం పెట్టడం. ఊపు లేకుండా, జారుడు లేకుండా ఒక్క స్వరం నిలబెట్టి వాయించమంటే చేతకాలేదు. అప్పుడు ఫోన్‌లో తంబురా పెట్టుకుని, కళ్లు మూసుకుని, రోజూ అరగంట స, ప, స. విసుగే. పక్కింటివాళ్లకి ఇంకా విసుగు. తర్వాత్తర్వాత తప్పు పడకముందే చెవికి అనుమానం రావడం మొదలైంది. జారుడు ఎక్కడ నిజంగా కావాలో అప్పుడు తెలిసింది, చాలా తక్కువచోట్లే.

నాకు అసలైన ఆనందం దొరికింది అంతర గాంధారం, అంటే రెండు ‘గ’లలో పైది, దాని దగ్గర. కీబోర్డు గాంధారం, తంబురాతో కలిసిపోయే గాంధారం ఒకటి కావు. కలిసేది అరస్వరంలో ఏడోవంతు కింద ఉంటుంది. ఈ తీగ మీద ఆ తేడా అర సెంటీమీటరు పైచిలుకు. ఫ్రెట్లుంటే వేలు అక్కడ పెట్టినా పలికేది కీబోర్డు గాంధారమే. అలాగని కీబోర్డు పక్కన వాయిస్తూ అక్కడికి వెళ్తే ఇద్దరికీ గొడవే. ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ల గాంధారం.

ఇప్పుడు తంబురా పెడతాను. ముందు కీబోర్డు గాంధారం, తర్వాత వేలు కాస్త వెనక్కి తెస్తాను. చివరి వరుసలో వినబడకపోతే చెప్పండి, ఏసీ ఆపిద్దాం.