బిళ్ళగన్నేరు హైబ్రిడ్ రివ్యూ: పువ్వుకి ఫుల్ మార్కులు, ప్యాకెట్ మీద రాతకి సున్నా

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నాను, ఈ విత్తనాలు నేను కొన్నవి కావు. రివ్యూ చేయమని ఒక విత్తనాల కంపెనీ ఫ్రీగా పంపింది. డబ్బులేమీ ఇవ్వలేదు, ఇది చెప్పు అది చెప్పకు అని కూడా అనలేదు. వీడియో చూశాక, అని ఉంటే బాగుండేదని వాళ్ళకే అనిపించొచ్చు.

మొక్క ఎంత ఎత్తు, ఎన్ని రంగులు, ఇవన్నీ ప్యాకెట్ వెనక చదివే ఉంటారు. నేను సూటిగా పువ్వు దగ్గరికి వచ్చేస్తా. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా. ఐదు రెక్కలు, ఒకదాని అంచు మీదికి ఇంకొకటి ఎక్కి కూర్చున్నాయి. నాటు రకంలో అయితే రెక్కకీ రెక్కకీ మధ్య సందు కనిపిస్తుంది. నడిమధ్యలో ఆ ముదురు ఎరుపు చుక్క చూడండి, దాని మధ్యలో గుండుసూది మొన పట్టేంత రంధ్రం. లోపల సన్నటి గొట్టం, తేనె దాని అడుగున. సీతాకోకచిలుకల్లాంటి పొడుగు నాలుక వాటికే అందుతుంది. ఇక ఈ మొగ్గ! ముడిచిన గొడుగులా మెలితిరిగి ఉంది. నేను పొద్దున్నే కుండీ దగ్గర నిలబడేది దీన్ని చూడటానికే.

ఇంకో సంగతి, నాకు పిచ్చిగా నచ్చేది. వాడిన పువ్వు దానంతటదే రాలిపోతుంది. అంతకుముందు నేను పెటూనియాలు పెంచాను. అందమే, కాదనను. కానీ వాడినవి తుంచుతూ కూర్చోవాలి, వేళ్ళకి ఆ జిగురు వదలదు. ఇక్కడ ఆ బాధ లేదు. మండే ఎండలో మిగతా మొక్కలు తలలు వేలాడేస్తే ఇది మాత్రం పూస్తూనే ఉంటుంది. మడగాస్కర్ దీని పుట్టిల్లు, ఎండ దానికి కొత్త కాదు.

విత్తనం వేసేటప్పుడు పైన పల్చగా మట్టి కప్పండి. వెలుతురు తగిలితే సరిగ్గా మొలకెత్తదు. 25 డిగ్రీల దగ్గర వెచ్చదనం ఉంటే చాలు.

నీళ్ళ దగ్గర మాత్రం ఈ హైబ్రిడ్‌కి గారం ఎక్కువ. కుండీ తడిగానే ఉంటుంది, అయినా ఒక కొమ్మ ఉన్నట్టుండి వాలిపోతుంది, కాండం నల్లబడుతుంది. అప్పుడు దాహం అనుకుని ఇంకాస్త నీళ్ళు పోస్తే పనైపోయినట్టే. అది చాలావరకు ఫైటోఫ్తొరా అనే తెగులు, తడి మట్టిలో పాకుతుంది. ఆకుల మీద కాకుండా మొదట్లో పోయండి, పైమట్టి ఆరాకే పోయండి. పక్క కుండీలో ఉన్న నాటు మొక్కకి ఈ టెన్షన్లేవీ లేవు. ఎండిన కాయ పగిలి నల్లటి గింజలు ఎక్కడ పడితే అక్కడే, గోడ పగుల్లో కూడా, మొలిచేస్తుంది. హైబ్రిడ్ గింజలు దాచుకుని మళ్ళీ వేస్తే ఇదే పువ్వు వస్తుందన్న నమ్మకం లేదు.

సరే, ఇప్పుడు నాకు ఒళ్ళు మండిన చోటికి వద్దాం. ప్యాకెట్ ముందువైపు, పువ్వు బొమ్మ కింద, పెద్దక్షరాల్లో ఏం రాశారో చూడండి: ‘అందం, ఆరోగ్యం! రోజూ రెండాకులు, షుగర్‌కి చెక్!’ ఏంటండీ ఇది?

ఈ మాటని ల్యాబ్‌లో పరీక్షించి డెబ్భై ఏళ్ళయింది. జమైకాలో షుగర్‌కి దీని ఆకు కషాయం తాగేవాళ్ళు. 1952లో ఆ ఆకులు కెనడాలో రాబర్ట్ నోబుల్ అనే శాస్త్రవేత్తకి చేరాయి. ఎలుకలకి ఇస్తే షుగర్ పెద్దగా కదల్లేదు. రసాన్ని ఇంజెక్ట్ చేస్తే తెల్ల రక్తకణాలు దారుణంగా పడిపోయాయి, ఇన్‌ఫెక్షన్ వచ్చి ఎలుకలు చచ్చిపోయాయి. దానికి కారణమైన పదార్థాన్ని చార్లెస్ బీర్ అనే ఇంకో శాస్త్రవేత్తతో కలిసి 1958కల్లా వేరు చేశారు. అదే విన్‌బ్లాస్టిన్, క్యాన్సర్ మందు. తర్వాత విన్‌క్రిస్టిన్ వచ్చింది, 1963లో అమెరికాలో అనుమతి దొరికింది. కణం రెండుగా చీలేటప్పుడు లోపల కట్టుకునే సన్నటి గొట్టాలని ఈ మందులు కట్టనివ్వవు. క్యాన్సర్ కణం అక్కడే ఆగిపోతుంది. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌లో విన్‌క్రిస్టిన్ ఇప్పటికీ వాడుతున్నారు.

అంత గొప్ప మొక్క కదా, నమిలితే తప్పేంటి అంటారా? విన్‌క్రిస్టిన్ పెద్దవాళ్ళకైనా ఒక్కసారికి మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. నరంలోకే ఎక్కిస్తారు, పొరపాటున వెన్నులోకి వెళ్తే ప్రాణం పోతుంది. కాళ్ళూచేతులూ తిమ్మిరెక్కడం దాని మామూలు సైడ్ ఎఫెక్ట్. ఆకులో అది ఉండేది అతి స్వల్పం, నిజమే. కానీ ఈ మొక్కలో ఆల్కలాయిడ్లనే ఘాటైన రసాయనాలు వందకు పైగా ఉన్నాయి, ఏ ఆకులో ఏది ఎంతుందో నాలుకకి తెలియదు. షుగర్ బిళ్ళలు మానేసి ఇది నమిలేవాళ్ళ సంగతేంటి? పిల్లలూ పెంపుడు జంతువులూ నోట్లో పెట్టుకోకుండా కూడా చూసుకోవాలి, మొక్కంతా విషమే. తుంచితే కారే తెల్లపాలు చేతికంటితే కడిగేసుకోండి.

మరి కొనాలా వద్దా? పువ్వు కోసం కళ్ళు మూసుకుని కొనండి, బాల్కనీలో ఎండ తగిలే చోట పెట్టండి. రేటింగ్ మాత్రం ఐదుకి మూడే ఇస్తున్నా. ఒకటి నీళ్ళ గారానికి పోయింది, ఇంకొకటి ఆ రాతకి. నిజానికి ఆ రాతకి రెండూ కోసేయాలనిపించింది, మొగ్గని చూసి ఆగాను. కంపెనీవాళ్ళకి మెయిల్ పెట్టాను. ప్యాకెట్ మారిస్తే కింద పిన్ చేస్తా, అప్పటిదాకా ఫ్రీ విత్తనాలు పంపొద్దని కూడా రాశాను.