కంకర చెప్పే వానల లెక్క: పిల్బారా ఇనుప వాగులపై చర్చ

యాంకర్: నమస్కారం. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బారాలో ఏడాదికి 300 మిల్లీమీటర్ల వాన పడటమే గగనం. అక్కడి ఇనుప కంకర మాత్రం ఒకప్పుడు చెట్లూ నీళ్లూ ఉండేవని చెబుతోందట. ఎలాగండి సార్?

భూగర్భ శాస్త్రవేత్త: పిల్బారాలోని యాండి, రోబ్ నది ప్రాంతాల్లో మియోసీన్ కాలంలో, అంటే సుమారు 2.3 కోట్ల నుంచి 50 లక్షల ఏళ్ల కిందట, ఇనుము పట్టిన మట్టి కొట్టుకొచ్చి వాగులను నింపేసింది. ఆ కంకర గింజను కోస్తే మధ్యలో హెమటైట్, చుట్టూ గోయితైట్ పూత; రెండూ ఇనుప ఖనిజాలే. చాలా గింజలు 2 మిల్లీమీటర్లు కూడా ఉండవు. వాటి మధ్య చెక్క ముక్కలు దొరుకుతాయి.

యాంకర్: చెక్కా? ఇన్నేళ్లు నిలుస్తుందా?

పురావృక్ష శాస్త్రవేత్త: చెక్క పోయింది, ఆ చోట గోయితైట్ నిండింది. మైక్రోస్కోప్ కింద కణాల గోడలు వరుసగా కనిపిస్తాయి. నన్నడిగితే ఆ గనుల్లో ఇంతకన్నా విలువైనది లేదు. బొగ్గు ముక్కలూ ఉన్నాయి. అంటే కార్చిచ్చులు కూడా వచ్చేవి.

భూగర్భ శాస్త్రవేత్త: మేడమ్ చెప్పింది నిజమే కానీ, చెట్లు ఎంత దట్టంగా ఉండేవో ఆ ముక్కలతోనే తేల్చేయకూడదు. నేల ఎప్పుడు ఎండిపోయిందన్నది గోయితైట్‌నే అడగాలి. అది ఏర్పడేటప్పుడు యురేనియం, థోరియం అనే రేడియోధార్మిక మూలకాలు రవ్వంత అందులో చిక్కుకుంటాయి. అవి క్షీణిస్తుంటే హీలియం పోగవుతుంది. దాన్ని కొలిస్తే వయసు తెలుస్తుంది. యాండిలో పైభాగంలోని గోయితైట్ సుమారు 1.8 కోట్ల ఏళ్లనాటిది, అడుగున ఉన్నది 50 లక్షల ఏళ్లనాటిది.

యాంకర్: అదేంటి సార్, అడుగుదే కదా పాతది కావాలి?

భూగర్భ శాస్త్రవేత్త: కంకర వరకు మీరన్నట్టే. ఈ వయసు గింజలను అతికించిన ఇనుముది. ఆ అతుకు పడేది భూగర్భ జలమట్టం దగ్గర. వానలు తగ్గి నీటిమట్టం దిగేకొద్దీ అతుకూ కిందికి జరుగుతూ పోయింది. ఖండం ఎండిపోవడానికి కోటి ఏళ్లకు పైగా పట్టిందని మనకు తెలిసింది ఇలాగే.

యాంకర్: మరి ఆ వాగులు ఇప్పుడెక్కడున్నాయి మేడమ్?

పురావృక్ష శాస్త్రవేత్త: రోబ్ నది దగ్గరైతే గుట్టల మీద! చుట్టూ ఉన్న మెత్తటి నేల కోసుకుపోయింది, ఇనుముతో గట్టిపడ్డ వాగు అడుగు నిలిచింది. ఆ బల్లపరుపు గుట్టలను మ్యాప్‌లో కలుపుతూ గీత గీస్తే పాత వాగు వంపులన్నీ బయటపడతాయి.

యాంకర్: ఆ గుట్టలనే కదా ఖనిజం కోసం తవ్వుతున్నారు?

భూగర్భ శాస్త్రవేత్త: అవును. అందుకే తవ్వకముందే ప్రతి పొర నుంచీ నమూనా తీసి, ఎంత లోతులోదో రాసిపెట్టాలి. లోతు తెలియని రాయి చేతిలో ఉన్నా, ఈ లెక్క కట్టలేం.