తక్కువ ధర మదర్‌బోర్డుతో ఓవర్‌క్లాకింగ్: ముందు చిప్‌సెట్, తర్వాత వీఆర్‌ఎం

నమస్తే అండి. టేబుల్ మీద మూడు మదర్‌బోర్డులున్నాయి, చూడండి. మూడింటి సాకెట్టూ ఒకటే, ఏఎమ్5. నా దగ్గరున్న ఏఎమ్‌డీ ప్రాసెసర్ రైజెన్ 5 7600 మూడింట్లోనూ చక్కగా కూర్చుంటుంది.

(మొదటి బోర్డు చూపిస్తూ) దీనికి తెల్లటి తొడుగులు, పెద్ద డబ్బా, మూడింట్లోకీ కొత్త నంబరు. (రెండోది) ఇది పాపం బోసిగా ఉంది. (మూడోది) ఇదేమో ఏ హంగూ లేకుండా నల్లగా ఉంది గానీ, సాకెట్ పక్కన రెండు అల్యూమినియం దిమ్మలు మాత్రం బరువుగా ఉన్నాయి. ఈ మూడింట్లో ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేయనిచ్చేది, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా నడపనిచ్చేది, ఒక్కటే. ఏదో ఇప్పుడే చెప్పను, కాసేపట్లో మీకే తెలిసిపోతుంది.

ఈ విషయంలో దెబ్బ తిన్నాకే నాకు తెలిసింది. 2018లో రైజెన్ 5 1600 కొంటూ "ఓవర్‌క్లాకింగ్ అవుతుందా అన్నా?" అని అడిగాను. కౌంటర్‌లో ఆయన "ఎందుకవదు తమ్ముడూ, రైజెన్ అన్నాక అన్నీ అవుతాయి" అన్నారు. అది సగం నిజం. ప్రాసెసర్‌కి తాళం లేదు. కానీ నా చేతిలో పెట్టింది ఏ320 బోర్డు. ఆ రాత్రి ఒంటిగంట దాకా బయోస్‌లో (బోర్డులోనే ఉండే సెట్టింగుల సాఫ్ట్‌వేర్ అది) మల్టిప్లయర్, అంటే ప్రాసెసర్ వేగం పెంచే అంకె, ఎక్కడుందా అని వెతికాను. ఉంటే కదా దొరకడానికి! ఏ320 చిప్‌సెట్‌కి ఏఎమ్‌డీ ఆ అనుమతే ఇవ్వలేదు. చివరికి ఆ బోర్డు అమ్మేసి బి450 కొన్నాను. అంటే బోర్డు డబ్బులు రెండుసార్లు కట్టానన్నమాట.

అందుకే మొదట చిప్‌సెట్ చూడాలి. ఏ పనులకి అనుమతి ఉందో తేల్చే, బోర్డు మీది చిప్ అది. డబ్బా మీద ఉండే అక్షరం, అంకెలే దాని పేరు.

ఏఎమ్‌డీలో లెక్క తేలిక. 'ఏ' అక్షరంతో మొదలైతే వద్దు. ఏ320, ఏ520, ఏ620, వీటిలో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేదు. బి450, బి550, బి650, బి850 అయితే ఉంది. మరి బి అక్షరం ఉంటే చాలా? చాలదు. 2025లో బి840 అని ఒకటొచ్చింది. పేరు చూస్తే బి650 కంటే రెండు మెట్లు పైనున్నట్టు అనిపిస్తుంది. ర్యామ్ స్పీడ్ పెంచుకోనిస్తుంది గానీ ప్రాసెసర్ జోలికి మాత్రం పోనివ్వదు. (మొదటి బోర్డు తిప్పి నంబరు చూపిస్తూ) ఈ తెల్లది అదే, బి840. బోసిగా ఉన్న రెండోది ఏ620. ఇక మిగిలింది నల్లది, బి650. పెద్ద నంబరు చూసి పెద్ద బోర్డు అనుకోకండి.

ఇంటెల్‌కొస్తే నిబంధన ఇంకా కఠినం. ప్రాసెసర్ పేరులో అంకెల తర్వాత కె ఉండాలి, బోర్డు జెడ్ సిరీస్‌ది కావాలి. జెడ్690, జెడ్790, కొత్త సాకెట్‌కి జెడ్890. బి660, బి760 బోర్డుల్లో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు, ప్రాసెసర్ మల్టిప్లయర్ మాత్రం కదలదు. 2022లో ఐ5 12400 లాంటి తాళమేసిన ప్రాసెసర్లని, విడిగా క్లాక్ జనరేటర్ (ప్రాసెసర్ వేగానికి మూలమైన సంకేతమిచ్చే చిప్) ఉన్న కొన్ని బి660 బోర్డుల మీద దొడ్డిదారిలో ఓవర్‌క్లాక్ చేశారు. సరదాగా ఉంటుంది గానీ, దాన్ని నమ్ముకుని ఇవాళ బోర్డు కొనడం నా దృష్టిలో దండగ.

పైగా ఇంటెల్ దారిలో ఖర్చు ఒక్క చోట ఆగదు. ఐ5 14600కె గరిష్ఠంగా 181 వాట్లు లాగుతుంది. దానికి జెడ్ బోర్డు, ఆ వేడికి తగ్గ కూలర్, ఇవన్నీ కలిపాక అది బడ్జెట్ సిస్టమ్ ఎలా అవుతుంది? ఆ సాకెట్‌కి 14వ తరం తర్వాత డెస్క్‌టాప్‌లో (అంటే 14600కె కూర్చునే సాకెట్‌కి) కొత్త తరం కూడా రాలేదు. కాబట్టి ఈ వీడియోలో ఇక ఇంటెల్ ఊసెత్తను.

బి650 అని తేల్చుకున్నాం. కానీ బి650లోనే బోలెడన్ని రకాలు, ధరల్లో రెట్టింపు తేడా. ఆ తేడాలో మనకి పనికొచ్చేది ఎంత, పైపూత ఎంత? ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం.

మీ పవర్ సప్లై నుంచి బోర్డుకి వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కి కావాల్సింది ఒకటీ పావు వోల్టు, అటూ ఇటూగా. ఆ 12ని అంత కిందికి దించే సరంజామానే వీఆర్‌ఎం అంటారు. సాకెట్ పక్కన వరసగా ఉన్న ఈ బూడిదరంగు డబ్బాలు చోకులు. వాటి పక్కన, హీట్‌సింక్ కింద దాక్కున్నవి మాస్‌ఫెట్లు, కరెంటుని వేగంగా ఆపి వదిలే స్విచ్‌లు. పనంతా వాటిదే.

ఇప్పుడు చిన్న లెక్క. రైజెన్ 5 7600ఎక్స్ డబ్బా మీద 105 వాట్లని ఉంటుంది, కానీ సాకెట్ దగ్గర 142 వాట్ల దాకా తీసుకుంటుంది. అందులో కోర్లకి 125 వాట్లు పోతున్నాయనుకోండి. ఒకటీ పావు వోల్టుతో భాగిస్తే 100 ఆంపియర్లు! మన ఇంట్లో టన్నున్నర ఏసీ తీసుకునేది ఏడెనిమిది ఆంపియర్లే. వోల్టేజీ తక్కువ కాబట్టి ఇది షాక్ కొట్టదు, కానీ ఆ కరెంటు మోయడానికి దారి వెడల్పుగా ఉండాలి. ఈ మార్పిడిలో పది శాతం వృథా అయినా పన్నెండు వాట్ల పైన వేడి. అంటే మామూలు 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌లో సగం, గోరంత గోరంత చిప్‌ల మీద గంటల తరబడి. అందుకే ఈ దిమ్మలు.

వేడి హద్దు దాటితే ఏమవుతుంది? బోర్డు పేలిపోదు, భయపడకండి. తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ స్పీడ్ ఒక్కసారిగా తగ్గించేస్తుంది. ఆటలో అప్పటిదాకా బాగా నడిచింది కాస్తా నత్తనడక అవుతుంది, నిమిషం తర్వాత మళ్లీ మామూలే. చాలామంది గ్రాఫిక్స్ కార్డుని తిట్టుకుంటారు, పాపం దాని తప్పేం లేదు.

వీఆర్‌ఎం పరీక్షల విషయంలో హార్డ్‌వేర్ అన్‌బాక్స్‌డ్, బిల్డ్‌జాయిడ్ యూట్యూబ్ ఛానెళ్లు చూడండి, మంచి పని చేశారు. కానీ ఒకటి గుర్తుంచుకోవాలి. పరీక్షలు జరిగేది చల్లటి గదుల్లో, ఇరవై చిల్లర డిగ్రీల దగ్గర. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో కూర్చుని ఆడేవాళ్లకి గదే 38 ఉంటుంది. వాళ్లు చూపించిన అంకెకి ఇంచుమించు పదిహేను కలుపుకోండి. అక్కడ 85 చూపిస్తే మనకి 100. అందుకే రెండు వైపులా హీట్‌సింక్ లేని బోర్డుని మన ఊళ్లలో ఓవర్‌క్లాకింగ్‌కి నేను చెప్పను.

హీట్‌సింక్ అంటే నిజంగా లోహం ఉండాలి. కొన్నిటికి పైన పటారం లోన లొటారం. రంగు వేసిన ప్లాస్టిక్ తొడుగే పెద్దగా ఉంటుంది, దాని కింద అల్యూమినియం వేలెడంత. దుకాణంలో డబ్బా తెరవనిస్తే గోటితో కొట్టి చూడండి. గాట్లు ఉన్న దిమ్మ అయితే మరీ మంచిది, గాలి తగిలే చోటు ఎక్కువ.

ఇక ఫేజుల సంగతి, అంటే వీఆర్‌ఎంలో కరెంటుని పంచుకునే దారులు. డబ్బా మీద 8+2+1 అనో 12+2 అనో రాస్తారు. మొదటి అంకె ప్రాసెసర్ కోర్ల కోసం. అయితే ఆ అంకెని గుడ్డిగా నమ్మకండి. నాలుగు ఫేజుల కంట్రోలర్‌కి రెండేసి భాగాలు తగిలించి ఎనిమిది అని చెప్పుకునే బోర్డులున్నాయి. అది మోసమని అనను, ఎందుకంటే వేడి రెండింటి మధ్య పంచుకుంటాయి కాబట్టి కొంత లాభముంది. కానీ నిజమైన ఎనిమిదితో సమానం కాదు. అంకె కంటే డాక్టర్‌మాస్ (మాస్‌ఫెట్లూ, వాటిని నడిపే చిప్పూ ఒకే ముక్కలో ఉన్న భాగం) అన్న మాట ఉందా, ఒక్కోటి ఎన్ని ఆంపియర్లదో రాశారా చూడండి. 50 ఆంపియర్లవి ఎనిమిదుంటే కాగితం మీద 400. మనకి కావాల్సింది 100. ఆరు కోర్లకీ ఎనిమిది కోర్లకీ ఆ 400కి మించి పెట్టేదంతా షోకే.

ఉదాహరణకి ఏఎస్‌రాక్ బి650ఎం-హెచ్‌డీవీ/ఎం.2 చూడండి. చిన్న బోర్డు, ర్యామ్ స్లాట్లు రెండే, లైట్ల ఊసు లేదు. కానీ 8+2+1 ఫేజులు, డాక్టర్‌మాస్. పాత సాకెట్ ఏఎమ్4లో ఎంఎస్‌ఐ బి450 టామహాక్‌కి అంత పేరొచ్చిందీ వీఆర్‌ఎం వల్లే. అన్నట్టు, 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి కదా. ఇంట్లో పాత తరం డీడీఆర్4 ర్యామ్ ఉన్నవాళ్లు బి550 బోర్డు, రైజెన్ 5 5600తో సరిపెట్టుకుంటే నేను తప్పు పట్టను. ఏఎమ్5లో డీడీఆర్5 తప్ప వేరే దారి లేదు.

రెండే ర్యామ్ స్లాట్లా అని మొహం ముడుచుకోకండి. ఏఎమ్5 మీద నాలుగు ర్యామ్ స్టిక్కులు పెడితే ఏఎమ్‌డీ అధికారికంగా హామీ ఇచ్చే వేగం 3600కి పడిపోతుంది. రెండు స్టిక్కులతో 6000 హాయిగా నడుస్తుంది. ఆటల్లో కనిపించే లాభం కూడా ఎక్కువగా ర్యామ్ వేగం వల్లే. నాలుగు స్లాట్ల బోర్డు కొన్నా రెండే పెట్టండి, సాకెట్ నుంచి లెక్కపెట్టి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో.

మిగతావి గబగబా. ప్రాసెసర్ పవర్‌కి 8 పిన్ల సాకెట్ ఉండాలి, 4 పిన్లదే ఉంటే పక్కన పెట్టేయండి. 8తో పాటు ఇంకో 4 ఉన్నా అది మనకి అక్కర్లేదు. బి650ఈ లో గ్రాఫిక్స్ కార్డుకి పీసీఐఈ 5, అంటే ఇంకా వేగంగా డేటా పంపే కొత్త దారి, వస్తుంది, మన బడ్జెట్ కార్డుకి దాంతో పనేం లేదు. వైఫై లేని మోడల్ తీసుకుని కేబుల్ లాక్కుంటే డబ్బు మిగులుతుంది.

ఒక్కటి మాత్రం వదులుకోవద్దు, బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్. రైజెన్ 9000 ప్రాసెసర్ కొని, దుకాణంలో ఏళ్ల తరబడి పడున్న బి650 తెచ్చారనుకోండి. పాత బయోస్ కొత్త ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు. ఈ బటన్ ఉంటే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చేయొచ్చు. లేదంటే పాత ప్రాసెసర్ ఎవరి దగ్గరుందా అని ఊరంతా తిరగాలి.

కొనేటప్పుడు సికింద్రాబాద్‌ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే కనీసం మూడు షాపులు తిరగండి. మోడల్ పేరు కాగితం మీద పూర్తిగా రాసుకెళ్లండి. బి650ఎం అంటే చాలదు, చివర ఒక్క అక్షరం మారితే వీఆర్‌ఎం మారిపోతుంది. "అది లేదు సార్, ఇది సేమ్ టు సేమ్" అంటే ఫోన్ తీసి కంపెనీ పేజీలో ఫేజులు, హీట్‌సింక్ చూసుకోండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి.

బిగించాక ఏం చేయాలి? మల్టిప్లయర్ పట్టుకుని అన్ని కోర్లనీ ఒకే వేగానికి లాగడం పాత పద్ధతి. ఇప్పటి రైజెన్ తనంతట తనే దాదాపు అంచుదాకా వెళ్తుంది. మనం చేసేది రెండు పనులు. ఒకటి, ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని డబ్బా మీది వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేసి ర్యామ్‌ని 6000కి తేవడం. రెండు, పీబీఓలో (ప్రాసెసర్‌ని ఇంకాస్త పైకి వెళ్లనిచ్చే ఏఎమ్‌డీ సెట్టింగు) కర్వ్ ఆప్టిమైజర్‌ని మైనస్ 15తో మొదలుపెట్టడం. అంటే అదే వేగానికి తక్కువ వోల్టేజీ. వేడి తగ్గుతుంది, తగ్గిన మేరకు ప్రాసెసర్ ఇంకాస్త పైకి వెళ్తుంది. రాత్రంతా పరీక్ష పెట్టండి, సిస్టమ్ పడిపోతే మైనస్ 10కి రండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో వీఆర్‌ఎం ఉష్ణోగ్రత చూస్తూ ఉండండి.

జాగ్రత్త ఒకటుంది. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని సాకెట్‌లోనే కాలిపోయాయి. ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు ఎస్‌ఓసీ వోల్టేజీ (ప్రాసెసర్‌లో ర్యామ్‌ని నడిపే భాగానికి అందేది) హద్దు మీరడమే ముఖ్య కారణం. తర్వాత ఏఎమ్‌డీ కొత్త బయోస్‌లతో దాన్ని 1.3 వోల్టులకి కట్టేసింది. కాబట్టి బయోస్ మార్చాకే ఎక్స్‌పో. ఏఎమ్‌డీ లెక్కలో ఎక్స్‌పో, పీబీఓ రెండూ ఓవర్‌క్లాకింగే, వాటివల్ల నష్టం జరిగితే వారంటీ రాదు. అది తెలిసే చేయండి.

సరే, ఇప్పుడు ఈ నల్ల బోర్డుకి బయోస్ ఎక్కిద్దాం. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేశాను, ఫైల్ పేరు మాన్యువల్లో చెప్పినట్టు మార్చాను, వెనక గుర్తు ఉన్న పోర్టులోనే పెట్టాను. బటన్ నొక్కి పట్టుకుంటున్నా... లైటు మెరుస్తోంది, చూశారా? ఇది ఆరేదాకా కరెంటు పోకూడదు, అందుకే యూపీఎస్ మీద పెట్టాను. ఇది అయ్యాక ప్రాసెసర్ పెట్టి ఆన్ చేస్తే కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది. ర్యామ్‌తో బోర్డు సర్దుకునే సమయం అది. పాడైపోయిందని కంగారుపడి ప్లగ్ పీకేయకండి. నేనైతే ఈలోపు టీ పెట్టుకుని వస్తాను.