తలుపు తీస్తే పలికే బండి

(తిరుపతిలో ఆయుధపూజ రోజున డీజిల్ మెకానిక్ ట్రేడు పిల్లలతో మాట్లాడినది)

పెద్దలకు, గుమ్మడికాయ పట్టుకుని వాకిట్లో కాచుకున్న అబ్బోడికి నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే టైర్ల కింద నిమ్మకాయలు ఎండిపోతాయి, వదిలేస్తున్నా.

2005 బెంజి ఈ-క్లాస్ డీజిల్‌కీ, 2007 దానికీ తేడా చెప్పమన్నారు. ఇంజను సంగతి గబగబా చెప్పేస్తా. పాత ఈ-270లో వరసగా అయిదు సిలిండర్లు, 2685 సీసీ, 177 హార్స్‌పవర్, అయిదు గేర్ల ఆటోమేటిక్. తర్వాతొచ్చిన ఈ-280 వి-6, అంటే మూడేసి సిలిండర్లు వి ఆకారంలో రెండు వరసలు. 2987 సీసీ, 190 హార్స్‌పవర్, ఏడు గేర్లు. కూర్చునేవాడికి వి-6 సుఖం. విప్పేవాడికి అయిదు సిలిండర్లదే నయం, చెయ్యి దూరే సందుంటుంది. వి-6లో ఆయిల్ కూలర్ రెండు వరసల నడిమి లోయలో దాక్కునుంటుంది. దాని సీలు మార్చాలంటే పైనున్న సంసారమంతా బయట పెట్టాల్సిందే.

అసలు తేడా అది కాదప్పా. బ్రేకు.

2005 బండిలో మీరు పెడల్ తొక్కితే మీ కాలి బలం చక్రానికి పోదు. ఎంత తొక్కారో కంప్యూటరు చూసుకుని, పంపు కూడబెట్టిన ఒత్తిడిని చక్రాలకు పంచుతుంది. ఎస్‌బీసీ అంటారు. అది పనిచెయ్యకపోతే ముందు చక్రాలకు మాత్రం మామూలు హైడ్రాలిక్ దారి మిగులుతుంది. ఇంకో విచిత్రం, ఎన్నిసార్లు బ్రేకు తొక్కారో లెక్క రాసుకుంటుంది. లెక్క నిండితే మీటరులో హెచ్చరిక. 2004లో లోకమంతటా 6 లక్షల 80 వేల బండ్లను వెనక్కి పిలిచారు. 2006లో బండికి కొత్త ముఖం పెట్టినప్పుడు దీన్నే తీసేసి పాత పద్ధతికి వచ్చేశారు.

మన కొండ మీదికి తిప్పే బండ్ల సంగతి ఆలోచించండి. 1944లో వేసిన ఘాట్ ఇప్పుడు దిగే దారి. మలుపు మలుపుకీ కాలు పెడల్ మీదే. లెక్క నిండక ఏం చేస్తుంది? సెలెక్టర్ ఎడమకు తట్టి గేరు దించరా అంటే మా డ్రైవర్లు వినరు. సరే, ఎటో పోతున్నా.

మా ఓనరుకు చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు వ్యాపారం. తోతాపురి సీజను బాగా పోయిన ఏడాది ఒక బ్రోకరు దగ్గర బెంజి కొన్నాడు. "2006 మోడల్, కొత్త బ్రేకు" అన్నాడు బ్రోకరు. నేనూ ఆర్‌సీలో రిజిస్ట్రేషన్ తేదీ చూసి తలూపినా. కింద తయారీ నెల 2005 అని ఉంది. ఆ గీత చదవలేదు నేను. ఆ పాపం నాది.

నెల తర్వాత ప్యాడ్లు మార్చడానికి చక్రం విప్పినా. ఎస్‌బీసీ లేని మామూలు బ్రేకు అనుకున్నాం కదా, స్కానర్ పెట్టి దాన్ని ఆపాలన్న తలంపే లేదు. ప్యాడ్లను నొక్కే కాలిపర్‌లో వేలు పెట్టి ఉన్నా. మా కుర్రోడు పాటలు పెడదామని తలుపు తీసినాడు. తలుపు తీస్తే ఆ పంపు లేస్తుంది. జుయ్‌మని ఒక్క సద్దు. పిస్టన్ ముందుకొచ్చింది.

ఇదిగో, ఈ గోరు. వెనక వరస పిల్లలు కూడా చూడండి, సిగ్గేం లేదు. సగం గోరు, వంకర వేలు. మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది, ఇంత పెద్ద మేస్త్రివి, బండి పుట్టిన నెల చూసుకోలేదా అని.

ఆ కుర్రోణ్ణి తిట్టలేదు. వాడికి చెప్పినదెవరు?

ఇంకా టర్బో గురించి రాసుకొచ్చినా గానీ, కాగితం జేబులోనే ఉండనీండి. ఆ బండి బయటే ఉంది, పూలమాల వేసి. ఒకరు పోయి డ్రైవర్ తలుపు తీయండి. మిగతావాళ్లు మాట్లాడకండి. ఫ్యాన్ కూడా ఆపండి.